కోడిలా పెంచిన కుక్క

మా ఇంటి వెనక కొబ్బరితోటలో, గేదెల పాకకి అవతల, ఒకచోట ఇప్పటికీ గడ్డి సరిగ్గా మొలవదు. కళ్ళం చేసినట్టు గుండ్రంగా నేల గట్టిపడిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, ఇక్కడ గానుగ ఉండేదాండీ అని అడుగుతారు. గానుగ కాదు, ఒక కుక్క తిరిగిన జాడ అది. తన తోకని తానే పట్టుకోవాలని ఒక తెల్లకుక్క అక్కడ పగలల్లా తిరిగింది.

నాకు బడి చదువు లేదు. మా అమ్మమ్మ ఇంట్లోనే, చేటలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. పారాయణకి పనికొస్తే చాలనుకుని నేర్పిన చదువు. అందుకే నేను ఏది చదివినా పైకే చదువుతాను, రాసినా పైకి అనుకుంటూనే రాస్తాను. ఆ అలవాటు ఒక మూగజీవానికి పనికొచ్చింది. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

మాది భీమవరానికీ పాలకొల్లుకీ నడుమ, కాలవ గట్టు మీద ఊరు. ఇంట్లో మా అత్తగారు, మా వారు, నేను, మా మరిది. మా వారికి వరిచేలూ, కాసిని రొయ్యల చెరువులూ. మా మరిదికి కోళ్ళు. అతను పెళ్ళి చేసుకోలేదు. కోళ్ళే అతని సంసారం. పందేలంటే నాకు గిట్టదు. ఆ సంగతి అతనికి తెలుసు, అతను మానడని నాకూ తెలుసు. కానీ ఆ పెంపకం చూస్తే మాత్రం ఎవరైనా దండం పెట్టాల్సిందే. తెల్లవారకుండానే లేచి ఒక్కో కోడినీ ఒళ్ళో పెట్టుకుని వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెడతాడు. కాలవలో ఈత కొట్టిస్తాడు. నానబెట్టిన బాదంపప్పు, జీడిపప్పు, కిస్‌మిస్, కైమా, ఉడికించిన గుడ్డు. ఇంట్లో మనుషులకి లేని మర్యాద. ఒక కోడి కంట ఇంకో కోడి పడకుండా దేని గంప దానిది, దేని రాట దానిది, మధ్యలో తాటాకు తడికలు. పరాయి చెయ్యి తగలనివ్వడు. మనుషులకి అలవాటు పడితే కోడి మెత్తబడిపోతుందని వాళ్ళందరి నమ్మకం.

అటువంటి మనిషి చేతికి ఒక కుక్క వచ్చింది.

రాజమండ్రిలో అతని స్నేహితుడొకాయన పెద్దిల్లు వదిలి ఫ్లాటులోకి మారుతూ, అక్కడ దీన్ని ఉంచుకోలేక, మా మరిదికి ఇచ్చేశాడు. ఒక మధ్యాహ్నం వేళ కారు వెనకసీటులోంచి దాన్ని దింపాడు. ఏడాది వయసుంటుందేమో. ఒళ్ళంతా తెలుపు, ఒక కన్ను చుట్టూ మాత్రం కాటుక చెదిరినట్టు నల్లమచ్చ. కాళ్ళు రోకళ్ళలా ఉన్నాయి. ఛాతీ చూస్తే ధాన్యం బస్తా. మొహం మాత్రం ఏ కుక్కకీ ఉండని మొహం. నుదుటి దగ్గర మొదలైన వంపు ఎక్కడా ఆగకుండా ముక్కు దాకా జారిపోయింది. అందులో చిన్నచిన్న మూడుమూలల కళ్ళు.

వసారాలో కుర్చీలో ఉన్న మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఏంట్రా ఇది, పందిపిల్లని తెచ్చావా?"

"కాదమ్మా. బుల్ టెర్రియర్ అంటారు. ఇంగ్లీషు జాతి. దవడ పడితే వదలదు."

"మొహం చూడరా, గుడ్డు పొదిగితే వచ్చినట్టుంది."

"అదే దాని అందమంట అమ్మా."

"అంత అందమైతే సంబంధాలు చూడు. ఈ ఇంట్లో నీకంటే ముందు దానికే అయ్యేలా ఉంది."

ఆవిడ మాట పూర్తికాకుండానే ఆ కుక్క తిన్నగా వసారా ఎక్కింది. ఆవిడ వైపు ఒక్కసారి తలెత్తి చూసి, వెనక్కి తిరిగి, ఆవిడ పాదాల మీద బరువంతా వేసి కూర్చుంది. "ఇదేంటే దీని పెత్తనం" అంది ఆవిడ. కాళ్ళు మాత్రం లాక్కోలేదు.

మా మరిది గబగబా వచ్చి మెడతాడు పట్టుకుని లాగాడు. "ఎవరూ ముట్టుకోకండి వదినగారూ. ముద్దు చేస్తే పాడైపోతాడు. ఈ జాతి పౌరుషమంతా ఒంటరిగా ఉంచితేనే నిలుస్తుంది. కోడినైనా అలాగే కదండీ పెంచుతాం."

ఆ మాటని మేమెవరం కాదనలేదు. కోడిని అంత బాగా పెంచినవాడికి కుక్కని పెంచడం తెలియదని ఎవరనుకుంటారు?

గేదెల పాక అవతల రాట పాతాడు. మూడువైపులా తడికలు కట్టాడు. పొద్దున్నే వేడినీళ్ళ కాపడం, బాదంపప్పు, జీడిపప్పు, కిస్‌మిస్, పచ్చికైమా, అన్నీ కోళ్ళతో సమానంగా జరిగాయి. "తెల్లకోడిని సేతువ అంటామండి. మన సేతువ వీడే" అని మురిసిపోయేవాడు. ఒకరోజు కోళ్ళతో పాటు ఈతకీ తీసుకెళ్ళాడు. కోడి నీళ్ళమీద తేలుతుంది. ఈ కుక్కకి ఒళ్ళంతా కండ, కాళ్ళు పొట్టి. కాలవలో వదలగానే బరువైన ఛాతీ ముందు దిగి, ముక్కు మునిగిపోయింది. మా మరిది పంచెతో సహా దూకాడు. మొలలోతు నీళ్ళలో నిలబడి దాన్ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని, దానికంటే ఎక్కువగా తనే రొప్పుతున్నాడు. కుక్క మాత్రం అదేదో తనకోసం ఏర్పాటు చేసిన వేడుక అయినట్టు అతని చెవి నాకుతోంది. గట్టుమీద బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు నవ్వారు. అతను సిగ్గుపడి ఆరోజు నుంచీ తడికలు ఇంకాస్త దగ్గరగా కట్టాడు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. పక్కన కోళ్ళు నిగనిగలాడుతూ పెరుగుతున్నాయి. కుక్క మాత్రం మొదట్లో తడిక సందులోంచి మా వసారా వైపే చూస్తూ ఉండేది. ఎవరు నడిచినా తోకతో నేలని కొట్టేది. తరవాత చూడడం మానేసింది. ఆ తరవాత తిరగడం మొదలుపెట్టింది.

చూడని వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. తల వెనక్కి వంచి, తోక కొసకే కళ్ళు అప్పగించి, తాడు ఎంతవరకు రానిస్తే అంతమేరా గిరగిరా తిరిగేది. తాడు రాటకి చుట్టుకుని ఊపిరాడనప్పుడు ఆగేది, విప్పగానే మళ్ళీ మొదలు. తిండిగిన్నె ముందు పెట్టినా తిరిగేది. తోక దొరికిన రోజున దాన్నే కొరికి పుండు చేసుకునేది. తెల్లటి ఒంటి మీద ఎర్రటి చారలు.

ఊళ్ళోవాళ్ళు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నారు ఒకరు. తాయెత్తు కట్టమన్నారు ఇంకొకరు. పిచ్చికుక్క, ఇంట్లో ముసలావిడ ఉంది, ఎందుకొచ్చిన గొడవ అని మా వారితో చాటుగా చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఆకివీడు వైపు చెరువులున్న ఒక పెద్దమనిషి మా మరిదికి కోళ్ళ స్నేహం. ఆయన వచ్చినప్పుడు తడిక మీంచి చూసి, "ఒడ్డూ పొడుగూ బాగుంది బాబూ. నాకియ్యి, రొయ్యల పట్టుబడి ముందు దొంగల భయం. చెరువుగట్టు మీద కట్టేస్తాను" అన్నాడట.

"ఈ పట్టుబడి నాటికి మీకే ఇచ్చేస్తానండి" అని మా మరిది మాట ఇచ్చేశాడు.

సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాడు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చెరువుల మీద కుక్కలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. మా వారికి కారియరు తీసుకెళ్ళినప్పుడల్లా చూస్తాను. ఇనపరాటకి గొలుసు, చుట్టూ నీళ్ళు, నీళ్ళమీంచి లేచే ఎండ, రోజంతా నీళ్ళని చిలికే ఏరియేటర్ల హోరు. ఒక చెట్టునీడ ఉండదు. ఒక మనిషి వచ్చి అన్నం పడేసి వెళ్ళిపోతాడు. తోటనీడలో, ఇంటి చప్పుళ్ళ మధ్యనే తన తోక తాను కొరుక్కుంటున్న ప్రాణి అక్కడ ఏమవుతుంది? పైగా తెల్లకుక్క, దాని చెవులు గులాబీరంగులో అంత పల్చన.

"మాట ఇచ్చేశావా?" అని మాత్రం అడిగాను.

"ఇచ్చేశానండి" అన్నాడు తలెత్తకుండా.

మా ఇళ్ళల్లో ఇచ్చిన మాట అంటే ఇచ్చేసినట్టే. ఇంక మాట్లాడడానికేం లేదు.

మధ్యాహ్నాలు అందరూ నడుం వాల్చాక నేను పారాయణ చేసుకుంటాను. ఆ రోజుల్లో కరెంటు పోతూ ఉండేది. వసారాలో ఉక్కపోస్తే, కొబ్బరితోటలో గాలి ఉంటుంది కదా అని పీట తీసుకుని గేదెల పాక పక్కకి వెళ్ళాను. తడిక ఇవతల కూర్చుని నా మానాన నేను చదువుకుంటున్నాను. అవతల నేలమీద ఆ కాళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. చదువుతూ చదువుతూ ఎప్పుడో గమనించాను, చప్పుడు నిదానమైంది. నేను ఆగితే మొదలైంది. చదివితే మళ్ళీ తగ్గింది. కాసేపటికి తడిక కిందనుంచి ఒక నల్లటి ముక్కు బయటికొచ్చి నా కుచ్చెళ్ళ దగ్గర ఆగింది. వేడివేడిగా ఊపిరి తగులుతోంది. నేను చదవడం ఆపలేదు. కళ్ళనీళ్ళకి అక్షరాలు కనబడలేదు గానీ, నోటికొచ్చిన భాగమే కాబట్టి నోరు ఆగలేదు. ఆ పూట స్వామికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో చెప్పలేను. వీడికి పిచ్చి లేదు. వీడికి మనిషి కావాలి.

కుక్కని అప్పటిదాకా అది అన్నదాన్ని, వీడు అనడం అక్కడే మొదలైనట్టుంది.

ఆ వారంలోనే గేదెకి ఈత కష్టమైతే పశువుల డాక్టరు గారు వచ్చారు. చిన్న వయసు ఆడపిల్ల. భుజం దాకా చెయ్యి పెట్టి దూడని తీసి, బకెట్టులో చేతులు కడుక్కుంటూ తడిక వైపు చూసింది.

"ఆ చప్పుడేంటమ్మా?"

చెప్పాను. వెళ్ళి చూసింది. మా మరిది చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఏం పెడుతున్నారండి దీనికి?"

"లోటేం లేదండి. బాదం, జీడిపప్పు, కిస్‌మిస్, కైమా, గుడ్డు..."

"కిస్‌మిస్సా?" ఆవిడ చేతులు తుడుచుకోవడం ఆపేసింది. "ఎవరు చెప్పారండీ మీకు?"

"కోళ్ళకి అదే కదండి."

"ఇది కోడి కాదు కదండీ. కుక్కకి కిస్‌మిస్ విషం. కిడ్నీలు పోతాయి. కొన్నిటికి వెంటనే, కొన్నిటికి మెల్లగా. ఇది ఇంకా నిలబడి తిరుగుతోందంటే దేవుడు చల్లగా చూశాడనుకోండి."

మా మరిది మొహం తెల్లబోయింది. డబ్బాలోంచి పిడికెళ్ళతో తీసి ప్రేమగా పెట్టినవాడు పాపం.

ఆవిడ కుక్క వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. వాడు గిరుక్కున తిరిగాడు. "తెల్లవాటిలో కొన్నిటికి పుట్టుచెవుడు ఉంటుందండి. దీనికి లేదు" అంది. రక్తం తీసి పరీక్షకి పంపింది. తోక పుండుకి మందు రాసింది. వాడు ఆవిడ చేతుల్లో మైనంముద్దలా ఉన్నాడు. సూది గుచ్చినప్పుడు కూడా ఆవిడ మోచేతికి గడ్డం ఆనించుకుని నిలబడ్డాడు.

"ఈ తిరుగుడు ఈ జాతిలో ఉన్నదేనండి" అంది ఆవిడ. "కొన్నిటికి పుట్టుకతోనే వస్తుంది, మందులు వాడాలి. కట్టేసి ఒంటరిగా ఉంచితే మాత్రం బాగున్నదానికి కూడా వస్తుంది. ముందు విప్పి చూడండి. వీటికి మనిషంటే ప్రాణం. ఒళ్ళో కూర్చుందామని చూస్తాయి, ముప్ఫై కిలోలున్నా సరే. నడక కావాలి, పని కావాలి. దెబ్బ పనికిరాదు. మొండివి కదా, కొడితే ఇంకా మొండికేస్తాయి. ఓపిగ్గా చెబితే ఏదైనా చేస్తాయి." తడికల అవతల గంపల వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మనిషికి ఎంత మంచిదైనా, కోళ్ళ విషయంలో దీన్ని నమ్మకండి. ఎప్పటికీ. అది దాని పుట్టుక, తప్పు కాదు. మధ్యలో కంచె ఉండాలి."

ఆవిడ వెళ్ళాక మా మరిది తిండిగిన్నెలోంచి కిస్‌మిస్‌లన్నీ ఏరి పారేశాడు. తరవాత, "నా చేత్తో నేనే... ఇక మీరే చూడండి వదినగారూ. ఎలాగూ పట్టుబడి దాకానే కదా" అని కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. రక్తపరీక్షలో కిడ్నీలు బాగానే ఉన్నాయని వచ్చిన రోజున అతను కబురు విని, గుడి వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. అది నేను చూశానని అతనికి తెలియదు.

నేను మాంసం ముట్టడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో ఎవరికైనా కావాలంటే బయట పొయ్యి మీద మా మరిదే వండిపెట్టేవాడు. ఇప్పుడు డాక్టరు గారు వీడికి ఉప్పూకారం, ఉల్లిపాయ లేకుండా కోడిమాంసం ఉడికించి అన్నంలో కలిపి పెట్టమన్నారు. మొదటిరోజు నేనే పాక వెనక ఇటుకలు పేర్చి పొయ్యి వెలిగించాను.

మా అత్తగారు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏమ్మా, ఏకాదశులన్నీ చేసి చేసి చివరికి కోడిమెడలు ఉడకబెట్టే దాకా వచ్చావా?"

"వాడికి ఆ పళ్ళు ఇచ్చినవాడే నాకీ పని కూడా ఇచ్చాడత్తయ్యా."

"అయితే ఆయన్నే వచ్చి గిన్నె తోమమను" అంది ఆవిడ.

గిన్నె తోమి, స్నానం చేసి, తడిబట్టతో దీపం పెట్టుకునేదాన్ని. ఆ పూజలో నాకు ఏ లోటూ కనబడలేదు. ఇంకా చెప్పాలంటే, అంతకుముందు కంటే మనసు నిలిచేది.

తాడు విప్పాం. పాత చెరువువలలు తెచ్చి కోళ్ళ వైపంతా మనిషెత్తు కంచె కట్టించారు మా వారు. పొద్దెక్కకముందే కాలవగట్టు మీద నడక. మొదట్లో నేను వాణ్ణి నడిపించడం కాదు, వాడే నన్ను లాక్కుపోయేవాడు. చీర కుచ్చెళ్ళు దోపుకుని వెనకాల పరుగు. డాక్టరు గారు చెప్పినట్టు, వాడు లాగితే నేను రాయిలా నిలబడిపోయేదాన్ని. వాడు వెనక్కి చూసి, ఏమైందమ్మా అన్నట్టు మొహం పెట్టేవాడు. తాడు వదులయ్యాకే అడుగు. మొండివాడే, కానీ మొండితనంలో వాడికి ఓ న్యాయం ఉండేది. ఇద్దరిలో ఎవరి ఓపిక ముందు అయిపోతుందో చూసేవాడు. పారాయణ చేసే మనిషి ఓపిక ఎప్పటికి అయిపోవాలి? కొన్నాళ్ళకి నా పక్కనే, నా అడుగుకి అడుగు వేస్తూ నడిచాడు.

పని కావాలన్నారు కదా. ఆ పని వాడే వెతుక్కున్నాడు. ఒకరోజు తోటలో ఎండుమట్ట ఒకటి చెట్టు మీంచి దబ్బున పడింది. ఎవరికైనా గుండె అదురుతుంది. వాడు మాత్రం చెవులు నిక్కించి, పరుగున వెళ్ళి, మట్ట మొదలు నోట కరుచుకుని, తనకంటే రెండింతలు పొడుగున్నదాన్ని వెనక్కి వెనక్కి లాక్కుంటూ నా కాళ్ళ దగ్గరికి తెచ్చాడు. నేను "నా తండ్రే" అన్నాను. అంతే, ఆ రోజునుంచి తోటలో మట్ట కింద ఉండనిస్తే ఒట్టు. చీపుళ్ళకీ పొయ్యిలోకీ పోగులేసుకునే చోటుకే తెచ్చి పడేసేవాడు. ఆ మెడ నరాలు, ఆ వీపు కండలు, ఆ నాలుగు కాళ్ళూ నేలలోకి దిగబడి లాగే తీరు చూస్తే, ఇంత బలం ఇచ్చినవాడు దాంతోపాటు ఇంత మంచి బుద్ధి కూడా ఇచ్చాడే అనిపించేది. ఆ దవడే మట్టని విరిచేది, ఆ దవడే మా అత్తగారి చేతిలోంచి బిస్కట్టుని వేలు తగలకుండా తీసుకునేది. బిస్కట్లు పెట్టొద్దని నేను అనడం, నేనెక్కడ పెట్టానే అని ఆవిడ అనడం, కొంగు నిండా పొడి ఉండడం మామూలైపోయింది.

ఎండ వాడికి పడదు. చెవులు, ముక్కు పైభాగం ఎర్రబడి పొక్కేవి. ఎండవేళ బయటికి రానిచ్చేదాన్ని కాదు. తడిపిన గోనెసంచి వసారాలో పరిస్తే పొట్ట దాని మీద ఆనించి, కాళ్ళు వెనక్కి చాపి, కప్పలా పడుకునేవాడు. చర్మం సున్నితం, ఏ గడ్డి తగిలినా దద్దుర్లు. రోజూ ఒళ్ళంతా చేత్తో తడిమి చూసుకునేదాన్ని. వాడు ఆ సమయానికి కళ్ళు మూసుకుని, పెద్దమనిషిలా నిట్టూర్చేవాడు.

తిరుగుడు ఒక్కసారిగా పోలేదు. పిడుగులు పడ్డరోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మళ్ళీ వచ్చేది. అప్పుడు నేను అరిచేదాన్ని కాదు. పీట వేసుకుని, పుస్తకం తెరిచి, పైకి చదువుకునేదాన్ని. ఆగేవాడు. తోక పుండు మానింది. అక్కడ వెంట్రుక సరిగ్గా రాలేదు, గులాబీ మచ్చ మిగిలింది.

వాడు బాగుపడిన కొద్దీ నా గుండెలో బరువు పెరిగింది. చెరువుల్లో రొయ్య కౌంటుకి, అంటే అమ్మే సైజుకి, వచ్చేస్తోంది. మా వారు పట్టుబడి మాట ఎత్తినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. ఆకివీడు పెద్దమనిషి చిన్న వ్యాను వేసుకుని, కొత్తగొలుసు పట్టుకుని పొద్దున్నే దిగాడు. ఇస్త్రీ మడత నలగని నల్లప్యాంటు. వసారాలో కుర్చీ వేశాం. కాఫీ ఇచ్చాను. వాడు తోటలోంచి వచ్చి, కొత్త మనిషిని చూసి ఒళ్ళంతా ఊపేసుకుంటూ, ముందుకాళ్ళు ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టేశాడు. ప్యాంటు నిండా తెల్లవెంట్రుకలు.

"ఏంటి బాబూ, అల్లుడొచ్చినట్టు చేస్తున్నాడు నన్ను చూసి?" అన్నాడాయన వెనక్కి ఒరిగి.

మా మరిది నేల చూపులు చూస్తున్నాడు.

"పరవాలేదులే" అని ఆయనే అన్నాడు. "కొన్నాళ్ళు మనిషి మొహం చూపించకుండా కట్టేస్తే అదే కరుకవుతుంది. కోడైనా అంతే కదా." గొలుసు తీశాడు.

మగవాళ్ళ మాటల మధ్య నేనెప్పుడూ కల్పించుకోలేదు. ఆరోజు గుమ్మం దాటి వచ్చాను.

"అన్నయ్యగారూ, ఒక్కమాటండి."

ఆయన గొలుసు పట్టుకునే లేచి నిలబడ్డాడు. "చెప్పండమ్మా."

"కట్టేస్తే వీడు కరుకవడండి. తిరుగుతాడు. అదిగో, తోక మీద ఆ మచ్చ చూడండి. మేమూ మీరనుకున్నట్టే అనుకుని కట్టేశాం. మీ రొయ్యలకి వీడు కాపలా ఉండడం కాదు, వీడి తోకకి మీరొక మనిషిని కాపలా పెట్టాలి."

ఆయన మచ్చ వైపు చూశాడు.

"మా మరిది మాట తప్పేవాడు కాదండి. ఇస్తానన్నాడు కాబట్టి ఇస్తాడు. అందుకని నేను అతన్ని అడగడం లేదు, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ మాట మీరే వదిలెయ్యండి." దండం పెట్టాను.

మా అత్తగారు కుర్చీలోంచి, "ఇంట్లో రోజుకోసారైనా వచ్చి నా దగ్గర కూర్చునేది అదొక్కటే నాయనా. చూసుకుని మాట్లాడు" అంది.

ఆయన నవ్వాడు. వాడి తలమీద చెయ్యి వేశాడు. "మీరంతలా అడిగాక కాదంటానాండి. అయినా వీడి వాలకం చూస్తే, దొంగొస్తే టార్చిలైటు పట్టుకుని దారి చూపించేలా ఉన్నాడు." తరవాత వలకంచె వైపు తిరిగి మా మరిదితో అన్నాడు. "ఉట్టిచేతుల్తో వెళ్తే మాత్రం బాగోదు కదా బాబూ. ఆ చివరిగంపలో డేగపిల్ల ఉంది చూడు, అదియ్యి. నీ మాట చెల్లిపోతుంది."

ఎర్రకోడిని వాళ్ళు డేగ అంటారు. తల్లికోడిని పాము కాటేస్తే, గుడ్డులోంచి వచ్చిన ఆ ఎర్రపిల్లని మా మరిది అట్టపెట్టెలో, బల్బు వెలుతురు కింద, తన మంచం పక్కనే పెట్టుకుని బతికించాడు. అతను పిలిస్తే గొంతు గుర్తుపట్టి పలికే కోడి అదొక్కటే. నేను కాదు, అది వద్దు అనబోయాను. అతను అప్పటికే కంచె వైపు నడుస్తున్నాడు.

గంప ఎత్తాడు. డేగపిల్లని చంకలో పెట్టుకున్నాడు. తడిగుడ్డతో దాని కాళ్ళు తుడిచాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. తెచ్చి ఆయన చేతికిస్తూ, "పచ్చికైమా పెట్టకండి, దానికి పడదు. బాదం తొక్కతీసి పెట్టండి. వాన పడితే లోపల కట్టండి, దగ్గు వస్తుంది" అన్నాడు. ఆయన "అలాగే, అలాగే" అన్నాడు. గొలుసు ఖాళీగా వ్యానులో పడింది. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి, వాణ్ణి మాకు ఉంచినందుకు దండం పెట్టుకున్నాను. డేగపిల్ల కళ్ళముందు మెదిలింది. దానికి మంచి జరగాలని కూడా మొక్కుకున్నాను. ఒక ప్రాణి ఉండడానికి ఇంకో ప్రాణి వెళ్ళింది. దాన్ని ఏ పుణ్యం కింద రాసుకోవాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. మా వారు మాత్రం పడుకునే ముందు, "తమ్ముడు ఆ కుక్క కోసం చేసినంత మనమెవరం చెయ్యలేదులే" అని, ఏదో తప్పుగా అన్నట్టనిపించి, "కోడిని ఇచ్చాడు కదా, అంటున్నాను" అని సర్దుకున్నారు.

మర్నాడు మా మరిది స్కూటరు తీసి ఆకివీడు బయల్దేరాడు. ఊరికే చూసొస్తానన్నాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి స్కూటరు ముందు, అతని మోకాళ్ళ మధ్య, తెల్లగా ఒకడు నిలబడి ఉన్నాడు. గాలికి చెవులు వెనక్కి పడి, మూడుమూలల కళ్ళు సగం మూసుకుని, ఊరేగింపు దేవుడిలా ఉన్నాడు. పొద్దుటినుంచి తోటంతా వెతికినదాన్ని, నేను గబగబా ఎదురెళ్ళాను.

"వాణ్ణి కూడా తీసుకెళ్ళావా? చెప్పొచ్చు కదా అబ్బాయ్."

"నేనెక్కడ తీసుకెళ్ళానండి, వాడే ఎక్కాడు. దిగమంటే దిగడు." స్కూటరు స్టాండు వేసి, వాడికి దిగడానికి అడ్డంగా ఉన్న సంచి పక్కకి తీశాడు. "డేగపిల్ల మేత మేస్తోంది. నన్ను చూసి పలికింది. ఆయన దాన్ని నీడలోనే కట్టారు, పరవాలేదు." కాస్త ఆగాడు. "ఎండలో తిరిగాడు వదినగారూ, వీడి గోనెసంచి తడిపారా?"